కెమేరా కటకముపై వ్రాసియున్న దేమి?

కెమేరా కొనదలచినవారు కెమేరానుగూర్చి పదిమంది నడుగుదురు. దాని ముందు బిగించు కటకమునుగూర్చి అడుగువారు అరుదు. కాని కెమేరా కొన్నియేండ్లకే పాతబడును. మంచి కటకము, జాగ్రత్తగా నుంచినయెడల, ముప్పదియేండ్లైనను పనిచేయును. అందుచేతనే పాత కటకములు చేతులు మారుచు అంగళ్లలో దొరకుచున్నవి. క్రొత్తవాని వెలలో సగమునకే వచ్చును గావున మా విద్యార్థులలో కొందఱును, వారి తలిదండ్రులును వానివైపు చూచుచు, "ఇది మా కెమేరాకు సరిపోవునా?" యని మమ్ము తఱచుగా నడుగుచున్నారు. ఈ ప్రశ్నకు సమాధానము దుకాణదారుని నోటియందుకంటె ఆ కటకముపైననే నమ్మకముగా వ్రాసియున్నది. దానిని చదువుటకు గొప్ప పాండిత్య మక్కఱలేదు. పదవ తరగతిలో చెప్పుకొను కాంతిశాస్త్రమును, భాగాహారమును చాలును.

లెన్సు అను మాట లాటినుభాషలో మసూరుగింజకు పేరు. రెండువైపుల ఉబ్బియుండు గాజుబిళ్ల ఆ గింజనుబోలియుండుటచే దాని కాపేరు వచ్చినది. మన శాస్త్రగ్రంథములలో దీనిని కటకమందురు. మేమును ఆ మాటనే వాడెదము. అయితే కెమేరాకు బిగించు కటకము ఒక్క గాజుబిళ్ల కాదు. ఒక గొట్టములో అనేక కటకములను వరుసగా నమర్చి, అవన్నియు కలసి ఒక్క కటకమువలె పనిచేయునట్లు చేసిరి.

మన పాఠశాలలో నైకాన్ డి3300 అను కెమేరా యున్నది. దానితో వచ్చిన కటకమును చేతికి తీసికొని చూచినచో ఈ మాటలును అంకెలును కనబడును: నైకాన్, డీఎక్స్, ఏఎఫ్-ఎస్, నిక్కోర్, 18-55 మి.మీ., 1:3.5-5.6 జీ, వీఆర్. ముందరి యంచున అడ్డుగీత కొట్టిన సున్నయు, దాని ప్రక్కను 52 అను సంఖ్యయు గలవు. నిక్కోర్ అనునది నైకాన్ వారు తమ కటకములకు పెట్టుకొన్న పేరు. దానివలన మనకు తెలియవలసినది లేదు. తక్కినవానిలో ప్రతియక్షరమునకు నర్థము గలదు.

ముందు అంకెలను చూతము. 18-55 అనునది నాభ్యంతరము. మిక్కిలి దూరమునుండి వచ్చు సమాంతరకిరణములు కటకముగుండ పోయి ఎంతదూరమున నొక బిందువున కూడునో ఆ దూరమే నాభ్యంతరమని తరగతిలో చదివితిమి. రెండు సంఖ్యలుండుటచే నిది మార్చుకొనదగిన నాభ్యంతరము గలదని తెలియును. సంఖ్య చిన్నదైనకొలది చిత్రములో విశాలమైన దృశ్యము పట్టును. పెద్దదైనకొలది దూరముననున్నది పెద్దదిగా కనబడును.

1:3.5-5.6 అనునది నిష్పత్తి. కటకము పూర్తిగా తెఱచియున్నప్పుడు ముందునుండి కనబడు వెలుతురుద్వారము యొక్క వ్యాసము నాభ్యంతరములో నెన్నవవంతో యది చెప్పును. 55 మి.మీ. వద్ద ఈ సంఖ్య 5.6, అనగా 55ను 5.6చే భాగింపగా వచ్చు 9.8 మి.మీ. ద్వారవ్యాసము. 50 మి.మీ. 1:1.8 అని వ్రాసియున్న కటకమునకు నిట్లే లెక్కించిన 27.8 మి.మీ. వచ్చును. రెండవ సంఖ్య చిన్నదైన ద్వారము పెద్దది; ఇది పిల్లలకు మొదట తలక్రిందుగా తోచును గాని, ఒకటిలో రెండవవంతు ఎనిమిదవవంతుకంటె పెద్దదని మూడవ తరగతివారికిని తెలియును. వెలుతురు ద్వారవైశాల్యమునుబట్టి వచ్చును గావున ఈ సంఖ్యల వర్గములను పోల్చవలెను. 5.6ను 1.8చే భాగించి వర్గము చేసిన 9.7 వచ్చును. కాబట్టి వార్షికోత్సవపు రాత్రి నాటకమున మొదటి కటకముతో సెకండులో పదవవంతు కాలము తెఱచియుంచవలసినచోట రెండవదానితో సెకండులో నూఱవవంతు ఇంచుమించు సరిపోవును. పదవవంతులో రంగస్థలముమీది బాలుడు చేయి కదపిన ఆ చేయి పొగవలె పడును. నూఱవవంతులో వ్రేళ్లు లెక్కింపవచ్చును. కొందఱు 1:1.8 కటకమునకై ఏల తహతహపడుదురో ఈ లెక్కయే చెప్పుచున్నది.

కటకము లోపలి ఱేకులను దగ్గఱచేసి ద్వారమును చిన్నదిగా చేయవచ్చును. ఆ మెట్లు 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అని యుండును. ప్రతి సంఖ్యయు ముందుదానిని రెండు యొక్క వర్గమూలముచే గుణింపగా వచ్చినది. ప్రతిమెట్టునకు వెలుతురు సగమగును. గణితపు తరగతిలో వర్గమూలము లెందుకని యడుగువారికి ఇది చూపవచ్చును.

అడ్డుగీతగల సున్న ప్రక్కనున్న 52 నాభ్యంతరము కాదు. అది ముందరి మరచుట్టు వ్యాసము, మి.మీ.లలో. ఫిల్టరుగాని మూతగాని కొనునప్పుడు మాత్రము దీనితో పని. మూతపై 58 అని చూచి తమ కటకము 58 మి.మీ. కటకమని చెప్పువారిని మేము చూచితిమి.

ఇక ముఖ్యమైన విషయము. కటకమును కెమేరాకు పట్టి తిప్పి బిగించు లోహపు వలయమును మౌంటందురు. సామాన్యముగా ప్రతిసంస్థవారి మౌంటు వేఱు. దాని యాకార మొక్కటియేకాక, ఆ వలయమునుండి కెమేరాలోపల చిత్రము పడు తలమువరకు గల దూరముకూడ వేఱు. నైకాన్ వారి 'ఎఫ్' మౌంటున కీదూరము 46.5 మి.మీ.; కానాన్ వారి 'ఈఎఫ్' మౌంటునకు 44 మి.మీ. తేడా 2.5 మి.మీ. మాత్రమే. ఇంతమాత్రమునకు ఏమగునని తోచవచ్చును. లెక్క వేయుదము. 50 మి.మీ. నాభ్యంతరముగల కానాన్ కటకము తన కెమేరాపై చంద్రునివంటి దూరవస్తువునకు సరిగా నుండునప్పుడు, దాని ప్రతిబింబము 50 మి.మీ. దూరమున పడుచుండును. దానిని ఎట్లో నైకాన్ కెమేరాపై నిలిపితిమేని కటకము 2.5 మి.మీ. ముందుకు జరిగి, ప్రతిబింబదూరము 52.5 మి.మీ. యగును. ఇప్పుడు కటకసూత్రమున నాభ్యంతరము 50, ప్రతిబింబదూరము 52.5 వేసి వస్తుదూరమును కనుగొనినచో 1050 మి.మీ. వచ్చును. అనగా ఆ కెమేరాకు ఒక మీటరు మీద అయిదు సెంటీమీటర్లకంటె దూరముననున్న దేదియు స్పష్టముగా కనబడదు. ఎదుటి బల్లమీది పుస్తకము కనబడును గాని ఆవలి గోడ కనబడదు.

దీనిని తిరుగవేసిన మేలు జరుగును. నైకాన్ కటకమును కానాన్ కెమేరాపై పెట్టవలెనన్న 2.5 మి.మీ. మందముగల వలయము నడుమ నుంచిన దూరము సరిపోవును. వలయముతో దూరమును పెంచగలము గాని తగ్గింపలేము, ఇదియే సూత్రము. అద్దము లేని క్రొత్తజాతి కెమేరాలకు ఈదూరము చాల తక్కువ: సోనీ 'ఈ' మౌంటునకు 18, కానాన్ 'ఆర్ఎఫ్'నకు 20, నైకాన్ 'జెడ్'నకు 16 మి.మీ. కనుకనే పాత కటకములు వలయముల సాయముతో వానిపై కుదురుచున్నవి. 46.5లో 16 తీసివేసిన 30.5; నైకాన్ 'ఎఫ్' కటకమునకును 'జెడ్' కెమేరాకును నడుమ నుంచు వలయము అంత పొడవుండవలెను.

ఇంతవరకు కటకము వేఱొక సంస్థవారి కెమేరాకు పట్టునా యన్న విచారము. అసలైన చిక్కు సొంతయింటిలోనే యున్నది. నైకాన్ వారు 'ఎఫ్' మౌంటును క్రీ. శ. 1959లో ప్రవేశపెట్టిరి. ఆ మౌంటుగల కెమేరాలలో దాని దూరముగాని, మూడు పట్టుఱెక్కలుగాని నాటినుండి మారలేదు. కానాన్ వారు 1987లో తమ పాత 'ఎఫ్డీ' మౌంటును విడిచి 'ఈఎఫ్'ను తెచ్చినప్పుడు పాతకటకములవారు ఉసూరుమనిరి. నైకాన్ వారి కట్టి కష్టము రాలేదు. అయితే ఇచ్చట ద్వారబంధ మొక్కటియే గాని లోపలి యిల్లు పలుమార్లు మారినది. బంధువని లోనికి పిలిచిన కటకము కూర్చుండుటకు చోటున్నను, మాట కలియకపోవచ్చును.

ఆ మార్పులను క్రమముగా చెప్పెదము. తొలినాటి కటకములకు ద్వారమును చిన్నది పెద్దది చేయు వలయము గొట్టముపైననే యుండెను. 1977లో 'ఏఐ' అను పద్ధతి వచ్చినది. దానియందు ఆ వలయపు టంచు కెమేరాపై నున్న యొక చిన్న మీటను నెట్టి, కటకద్వార మెంతయో కెమేరాకు తెలుపును. అంతకు ముందటి కటకమును, మార్పు చేయింపకయే, ఆ మీటగల కెమేరాకు బిగించినచో మీట విఱుగవచ్చును. 1986లో తనంతట తాను ఫోకసు చేయు 'ఏఎఫ్' కటకములు వచ్చెను. వానియందు మోటారు లేదు. మోటారు కెమేరాలో నుండి, చిన్న మరకొన ద్వారా కటకమును త్రిప్పును. తరువాత మోటారును కటకములోనే పెట్టి 'ఏఎఫ్-ఎస్' అనిరి. ద్వారవలయమును తీసివేసిన కటకములకు చివర 'జీ' అని వ్రాసిరి. ద్వారమును విద్యుత్తుచేతనే కదల్చువానికి 'ఈ' యనిరి. 2016లో వచ్చిన 'ఏఎఫ్-పీ' కటకములలో మఱియొకవిధమైన మోటారున్నది.

ఈ యక్షరములను చూడక కొన్నదానికి ఫలమెట్టిదో మా పూర్వవిద్యార్థి యొకని విషయమున తెలిసినది. అతడు పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీసి జీవింప నారంభించినవాడు. మన కెమేరావంటిదే, మోటారు లేనిది, అతనికడ నుండెను. ఒకచోట 'ఏఎఫ్ నిక్కోర్ 50 మి.మీ. 1:1.8 డీ' అను కటకము తక్కువ వెలకు దొరకినది. "ఇదికూడ నైకానే, తప్పక పట్టును" అని అమ్మినవాడు చెప్పెను. అతడు చెప్పినది అబద్ధము కాదు, అది పట్టినది. ఇంటికి వచ్చి బిగింపగా కెమేరా తెఱపై 'ఎఫ్ ఈ ఈ' యని అక్షరములు వచ్చి మీట పడలేదు. కటకము చెడినదని భయపడి మాకడకు తెచ్చెను. ద్వారవలయమును 22 అను సంఖ్యకు త్రిప్పి అచ్చట బంధింపవలెనని చూపితిమి. అంతటితో ఆ చిక్కు తీరినది. రెండవ చిక్కు తీరునది కాదు. కటకములో మోటారు లేదు, కెమేరాలోను లేదు. ఫోకసు చేతితోనే చేసికొనవలెను. కూర్చుండియున్న పెద్దలకు అది చాలినది. తలంబ్రాలు పోయు సందడిలో వధూవరు లిరువురు కదలుచుండగా అతని చేయి చాలలేదు. ఆ ఘట్టపు చిత్రములలో అక్కఱకు వచ్చినవి కొలదియే. తలంబ్రాలు మరల పోయింపలేము గదా! పెండ్లివారు చెప్పిన సొమ్ములో కొంత తగ్గించి యిచ్చిరి. ఆ తగ్గిన సొమ్ము ఆ పేదయింటికి చిన్నది కాదు.

ఆ కటకము చెడ్డదా? ఎంతమాత్రము కాదు. మోటారుగల డి90, డి7000 వంటి కెమేరాలపై అది చక్కగా ఫోకసు చేయును. పాత ఫిల్ము కెమేరా ఎఫ్ఎమ్2 పైనైతే క్రొత్త 'జీ' కటకముకంటె ఇదియే మేలు. ఏలయనగా 'జీ' కటకమునకు వలయము లేనందున ఆ కెమేరాపై దాని ద్వారము మిక్కిలి చిన్నదిగా మూసికొనిపోవును. 'ఏఎఫ్-పీ' కటకము మన డి3300పై, కెమేరాలోని ప్రోగ్రామును క్రొత్తది చేసికొనిన పిమ్మట, పనిచేయును. అదే డి90పై చేతితోనైనను ఫోకసు కాదు. దాని వలయము త్రిప్పినను కదలించునది విద్యుత్తే. 'ఈ' కటకమును డి90కి బిగించిన దాని ద్వారము ఎల్లప్పుడు తెఱచియే యుండును. కనుక మంచి కటకమేదని యడుగుటకు ముందు, ఏ కెమేరాకని యడుగవలెను.

అక్షరములను నమ్మనివారు కన్నులతోనే చూడవచ్చును. కటకమును వెనుకకు త్రిప్పి లోహపుటంచును పరికింపుడు. స్క్రూడ్రైవరు మొన దూర్చదగిన చిన్న గాడి యున్నచో అది కెమేరా మోటారుపై నాధారపడిన కటకము. కెమేరా మౌంటుపైని దానికి సరియగు చిన్న మరకొన పొడుచుకొనియున్నదో లేదో చూడుడు. గాడియు మరకొనయు రెండునున్న పని జరుగును. గాడి మాత్రమే యుండి మరకొన లేనిచో చేతిపనియే గతి. నైకాన్ వారి 'ఎఫ్‌టీజెడ్' అను వలయమునందును ఈ మరకొన లేదు. కావున 'జెడ్' కెమేరాలు కొన్నవారు దానితో పాత 'ఏఎఫ్' కటకములను వాడుకొనునప్పుడు ఫోకసు చేతితోనే చేసికొనవలెను.

డీఎక్స్ అను గుర్తు చిత్రపు కొలతను చెప్పును. పూర్వపు ఫిల్ముపై ఒక్కొక్క చిత్రము 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు, పైథాగరసు సూత్రముచే కర్ణము 43.3 మి.మీ. మన కెమేరాలో ఫిల్మునకు బదులుండు సెన్సరు సుమారు 24 మి.మీ. పొడవు, 16 మి.మీ. వెడల్పు; కర్ణము 29 మి.మీ.కు కొంచెము లోపు. కటకము లోపల పఱచు వెలుగు వట్రువగా నుండును. ఆ వట్రువ సెన్సరు కర్ణమంతకు తక్కువ కాకూడదు. డీఎక్స్ కటకములు చిన్న సెన్సరునకు చాలునంతే వెలుగు పఱచును. పెద్ద సెన్సరుపై పెట్టిన మూలలు నల్లబడును, లేదా కెమేరాయే నడుమభాగమును మాత్రము తీసికొనును. పెద్దదానికి చేసిన కటకమును చిన్నదానిపై పెట్టిన హాని లేదు. కొందఱు 50 మి.మీ. కటకము డీఎక్స్ కెమేరాపై 75 మి.మీ. అగునందురు, అది మాటలజాఱుడు. నాభ్యంతరము గాజులో నున్నది, కెమేరాలో లేదు. చిత్రము చిన్నదగుటచే 75 మి.మీ. కటకము పెద్ద సెన్సరుపై చూపునంత దృశ్యమే కనబడుననుట సరి.

కానాన్ వా రిచ్చట కఠినముగా నుండిరి. వారి 'ఈఎఫ్' కటకములకు ఎఱ్ఱచుక్కయు, 2003లో చిన్న సెన్సరులకై వచ్చిన 'ఈఎఫ్-ఎస్' కటకములకు తెల్లచదరమును గుర్తులు. తెల్లచదరపు కటకము పెద్ద సెన్సరు కెమేరాకు అసలే పట్టదు; దాని వెనుకభాగము లోపలికి చొచ్చుకొనియుండుటచే అద్దమునకు తగులునని అట్లు చేసిరి. చుక్కకు చుక్క, చదరమునకు చదరము చూచి బిగించిన చాలును. సిగ్మా, టామ్రన్ వంటి సంస్థలవారు ఒకే కటకమును పలు మౌంటులతో చేయుదురు. పేరు చూచి కాక వెనుక మౌంటు చూచి కొనవలెను. చిన్న సెన్సరు కటకములకు సిగ్మావారు 'డీసీ' అనియు, టామ్రన్ వారు 'డీఐ-2' అనియు వ్రాయుదురు. వీఆర్, ఐఎస్, ఓఎస్, వీసీ అనునవి వేర్వేఱు సంస్థలవారు చేతివణకును సరిచేయు ఏర్పాటునకు పెట్టిన పేర్లు. సరిపోవుటకును వీనికిని సంబంధము లేదు.

గుర్తులన్నియు సరిపోయినను పాతకటకమును లోపల చూడక కొనరాదు. సముద్రతీరపు పట్టణములలో వానకాలపు చెమ్మకు గాజుపై బూజు పట్టును. ద్వారమును పూర్తిగా తెఱచి, వెనుకనుండి టార్చిదీపము వేసి, ముందునుండి ఏటవాలుగా చూచినచో అది సాలెపోగువలె కనబడును. ఒకటి రెండు ధూళికణములకు భయపడ నక్కఱలేదు; ఏ కటకములోనైనను అవి యుండును. బూజు మాత్రము వ్యాపించును, గాజుపై పూతను తినివేయును. ఇంటికి తెచ్చిన కటకమును తోలుసంచిలో మూసి బీరువాలో దాచుటకంటె, మూత బిగువుగానుండు డబ్బాలో సిలికాజెల్ పొట్లముతో నుంచుట మేలు. ద్వారపు ఱేకులపై నూనెమరకలున్నవేమోకూడ చూడవలెను. నూనె పట్టిన ఱేకులు మందముగా కదలి చిత్రము తెల్లబడును.

మన డి3300 వంటి కెమేరాగలవా రొక్క కటకమే కొనగలిగియున్నచో మేము సూచించునది 'ఏఎఫ్-ఎస్ డీఎక్స్ నిక్కోర్ 35 మి.మీ. 1:1.8 జీ'. ఇది 2009లో వచ్చినది. మోటారు లోపలనే యున్నది. డీఎక్స్ కొలతకే చేసినది. ద్వారము 35ను 1.8చే భాగింపగా 19.4 మి.మీ. 35ను ఒకటిన్నరచే గుణించిన 52.5, అనగా ఫిల్ముకాలమున 50 మి.మీ. కటకము చూపిన దృశ్యమునే ఇంచుమించుగా ఇది చూపును. దీని ముందరి యంచునను అడ్డుగీతగల సున్న ప్రక్కను 52 అనియే యుండును గావున, కెమేరాతో వచ్చిన కటకపు మూత దీనికిని పట్టును.